హంద్రి ఒడ్డున పలుపుముడి

మా వూరి పేరు చెప్పగానే కొత్తవాళ్ళు చిన్నగా నవ్వుతారు. "కల్లూరా! అయితే చల్లగా కాలక్షేపం అవుతుందన్నమాట!" అంటారు, కల్లు ముంత కళ్ళముందే వున్నట్టు. నేనూ నవ్వి వూరుకుంటాను. కన్నడంలో కల్లు అంటే రాయి. కన్నడదేశం మాకు పక్కిల్లు. మా మాటల్లో ఎన్నో ఆ గోడ దూకి వచ్చినవే. మా వూరి చుట్టూ నేల ఎట్లా వుంటుందో చూసినవాడెవడైనా ముంత పక్షం వదిలి రాయి పక్షం చేరవలసిందే.

కల్లూరు ఇప్పుడు కర్నూలు నగరంలో కలిసిపోయింది. ఎక్కడ వూరు ఆగి పట్నం మొదలవుతుందో ఆటోవాడికి కూడా తెలియదు. కాని మధ్యలో ఒక సరిహద్దు మాత్రం వున్నది. అది హంద్రి. కర్నూలుకు వచ్చినవాళ్ళు కొండారెడ్డి బురుజు చూస్తారు, ఉగ్గాని బజ్జీ తింటారు, తుంగభద్రకు ఒక దండం పెట్టి పోతారు. హంద్రిని ఎవరూ లెక్కపెట్టరు. మద్దికెర దగ్గర పుట్టి, కోడుమూరు మీదుగా వచ్చి, కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే ఈ ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, ముళ్ళకంప, పట్నం వదిలిన మురుగు. దాన్ని చూసి "ఇదీ ఒక నదేనా!" అనిపిస్తుంది. అట్లా అన్నవాళ్ళ నోళ్ళు 2009 అక్టోబరు 2న మూతపడినాయి. ఆ రోజు తుంగభద్ర, హంద్రి ఒకటై కర్నూలును ముంచివేశాయి. మేడలున్నవాళ్ళు మేడలెక్కి, లేనివాళ్ళు ఇరుగుపొరుగు మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మా చెల్లెలు ఆ రాత్రంతా మిద్దె మీద కూర్చుని, చీకట్లో నీళ్ళ చప్పుడు వింటూ, ఒక్క మాట మాట్లాడలేదు. దానికి నీళ్ళంటే చిన్నప్పటినుంచీ భయం. ఎందుకో తర్వాత చెబుతాను.

మా జిల్లా పేరులోనే ఏరు దాటే బాధ వున్నది. కర్నూలు పాత పేరు కందనవోలు. అలంపురం గుడులకు రాళ్ళు తోలే బండ్లు ఇక్కడ తుంగభద్ర దాటేవనీ, దాటబోయే ముందు ఇరుసులకు కందెన వేసుకొనేవారనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెప్పే కథ. కథ సంగతి ఎట్లా వున్నా అందులోని బుద్ధి మాత్రం నిజం. ఎంత పెద్ద బండి అయినా ఏటి ఒడ్డున ఆగి, తన ఇరుసులూ తన కట్లూ ఒకసారి చూసుకోవలసిందే.

బండ్లకు వీలులేనంత నీరు వున్నప్పుడు మావాళ్ళకు పుట్టే దిక్కు. పుట్టి అంటే నదీతీరాలవాళ్ళకు చెప్పనక్కరలేదు. తక్కినవాళ్ళు ఒక పెద్ద గుండ్రటి గంపను వూహించుకోండి. వెదురు బద్దలతో అల్లి, అడుగున పూర్వం తోలు తొడిగేవారు. తర్వాత తారు, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. ఇప్పుడు ఫైబరు పుట్టులు కూడా వచ్చాయి. దీన్నే అరిగోలు అనీ అంటారు. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతాన, విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ తోలు గంపల్ని చూసి ఆశ్చర్యపడినాడు. ఒక్కొక్క దాంట్లో పదిహేను ఇరవైమంది పడతారనీ, గంప తిన్నగా పోక గిరగిర తిరుగుతూనే పోతుందనీ రాసిపెట్టినాడు. 1803లో మరాఠాలమీద యుద్ధానికి బయలుదేరిన ఆర్థర్ వెల్లస్లీ, అంటే తర్వాత నెపోలియనును గెలిచిన వెల్లింగ్టన్ ప్రభువు, ఏర్లు దాటడానికి తన సైన్యం కోసం ఇలాంటి గంపలే అల్లించినాడు. వాటర్లూ వీరుడు కూడా ఒకప్పుడు మన పుట్టిలో గిరగిర తిరిగినవాడేనని తలచుకుంటే మాకు కొంచెం గర్వంగా వుంటుంది!

ఇంత ఎండిన సీమలో ఒకప్పుడు కాలువమీద పడవలు కూడా నడిచినాయంటే మా పిల్లలు నమ్మరు. కర్నూలు కడప కాలువను, అంటే మేమనే కె.సి. కెనాలును, 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, ఆ నీటిని కడప దాకా తీసుకుపోయినారు. సేద్యానికి నీళ్ళూ, సరుకులకు పడవదారీ రెండూ అవుతాయని వాళ్ళ ఆశ. కంపెనీకి గిట్టలేదు. 1882లో సర్కారు దాన్ని కొనుక్కుంది. పడవలు మాత్రం 1933 దాకా వున్నాయి. ఆ కాలువ కర్నూలులో హంద్రి మీదుగా వంతెనలాంటి కట్టడం ఎక్కి దాటుతుంది. కింద ఏరు, పైన కాలువ! చిన్నప్పుడు మేము, ఎండాకాలంలో కింద ఏటి ఇసుకలో నిలబడి పైన పారే నీటి చప్పుడు వినేవాళ్ళం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఉగాదికి మా చెల్లెలి కొడుకు అమెరికానుంచి వచ్చినాడు. వాడు ఉండేది అట్లాంటాలో. వచ్చిన రోజు సాయంకాలం వాడి పెట్టె సర్దుతూ మా చెల్లెలు ఒక్క కేక పెట్టింది. పోయి చూస్తే, దాని చేతిలో నాలుగు బారల నల్లటి నవారు, దానికి బకిళ్ళు, ఇనుప రింగులు. మంచానికి అల్లే నవారు కంటె కొంచెం వెడల్పు, బాగా బిరుసు.

"అన్నా! నువ్వన్నా చెప్పు వీనికి! వీడు నీళ్ళల్లోకి పోయేటప్పుడు దీంతో పడవకు కట్టేసుకుంటాడంట! పడవ తలకిందులైతే ఎట్లరా అంటే, తలకిందులు కావడానికేనమ్మా అని నవ్వుతాడు!"

2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర విహారానికి పోయిన పడవ మునిగినప్పుడు, మా చెల్లెలు ఎన్నో రోజులు టీవీ ముందునుంచి లేవలేదు. అలాంటి తల్లికి ఈ నవారు చేతికి దొరికితే ఎట్లా వుంటుంది? కొడుకు ఎదుటనే నాతో ప్రమాణం చేయించుకుంది, వాడిచేత ఈ పిచ్చి మాన్పించి పంపుతానని. నేనూ సరేనన్నాను. నాకూ ఆ నవారు చూస్తే గుండెల్లో ఏదో కలుక్కుమన్నది.

* * *

మరునాడు పొద్దున్నే వాణ్ణి తుంగభద్ర ఒడ్డుకు తీసుకుపోయినాను. పెద్దమనిషిగా నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఏటి ఒడ్డు అనుకూలమైన చోటు. ఎండాకాలం మొదట గదా, నది పాయలు పాయలుగా చీలి, రాళ్ళ నడుమ మడుగులు కట్టి వున్నది. ఒక మడుగులో పుట్టివాడు వల తీస్తున్నాడు. మావాడు నా వుపన్యాసం మొదలుకాకముందే వాడి దగ్గరికి పరుగెత్తినాడు.

"పుట్టి బోర్లపడితే ఏం చేస్తావన్నా?" అని అడిగినాడు.

"ఏం చేస్తాం సార్? పుట్టి ఒక దోవ, మనం ఒక దోవ. అంచు చేతికి దొరికితే పట్టుకుంటాం. దొరకకుంటే ఈదుతాం."

"మేమయితే పడవతోపాటే తిరిగి లేస్తాం."

పుట్టివాడు నావైపు చూసినాడు. "పిల్లోడు బాగానే వున్నాడా సార్?" అని ఆ చూపుకు అర్థం.

అప్పుడు ఇసుకలో కూర్చుని మావాడు సంగతంతా చెప్పుకొచ్చినాడు. వాడు శనాదివారాల్లో పోయేది టెనెసీ రాష్ట్రంలోని ఒకోయీ నదికి. 1996లో అట్లాంటా ఒలింపిక్సు జరిగినప్పుడు రాళ్ళమధ్య పడవ పందేలు పెట్టింది ఆ నదిమీదనే. ఆ నది కథ వింటే అది మన తుంగభద్రకు మేనత్త కూతురేమో అనిపించింది. 1913లో అక్కడ ఆనకట్ట కట్టి, నీటినంతా కొండ పక్కగా ఒక కొయ్య కాలువలోకి మళ్ళించి, కరెంటు తీసుకున్నారు. నది ఎండిపోయింది. 1976లో ఆ కొయ్య కాలువ మరమ్మతుకు వచ్చి మూసివేస్తే, నీళ్ళు మళ్ళీ పాత దారిన పడినాయి. పడవలవాళ్ళు వచ్చి చూస్తే, ఏముందీ! రాళ్ళమీద తెల్లగా నురగలు కక్కుతూ నది ఆడుకుంటున్నది. ఆ తర్వాత ఆ ఆటకోసమే లెక్కప్రకారం కొన్ని రోజులు నీళ్ళు వదలడానికి వొడంబడిక కుదిరింది. సుంకేసుల నీళ్ళ లెక్కలతో పెరిగిన నాకు ఇదంతా చక్కగా అర్థమయింది, ఆట కోసం నీళ్ళు వదలడం ఒక్కటి తప్ప!

వాడి పడవను కెనూ అంటారు. మన దోనెలాంటిదే, పైకప్పు వుండదు. అందులో బాసింపట్టు వేసుకొని కూర్చోరు. మోకాళ్ళమీద, వజ్రాసనంలాగా కూర్చుంటారు. పిరుదుల కింద ఫోముతో చేసిన ఎత్తు దిమ్మ ఒకటి వుంటుంది. చేతిలో ఒకవైపే రెక్క వున్న తెడ్డు. పడవకు ముందూ వెనకా గాలి నింపిన పెద్ద సంచులు కట్టివుంచుతారు. పడవ తిరగబడినా అవి నీటి చోటును ఆక్రమించుకొని వుంటాయి కాబట్టి, లోపలికి ఎక్కువ నీరు చేరదు, పడవ తేలికగా పైకి వస్తుంది.

"పడవ తిరగబడితే దిగిపోయి ఈదుకుంటూ రావచ్చు గదరా?" అన్నాను.

"నీళ్ళు నిలకడగా వుంటే రావచ్చు మామా. రాళ్ళమధ్య దూకే నీళ్ళల్లో ఈదేవాడే ఎక్కువ దెబ్బలు తింటాడు. కాలు రెండు రాళ్ళ సందున ఇరుక్కుంటే వెనకనుంచి వచ్చే నీరు మనిషిని వంచి అదిమేస్తుంది. అందుకని పడవలో వుండి పైకి లేవడమే మేలు."

పైకి లేవడం ఎట్లాగంటే, తలకిందులైనవాడు ముందు వొంటిని నీటి పైభాగానికి చేర్చుకొని, తెడ్డు రెక్కను నీటిమీద పరిచి అదుముతాడు. ఆ ఒక్క క్షణపు ఆసరాతో నడుము విదిలించి, మోకాలితో పడవను తన కిందికి లాక్కుంటాడు. పడవ ముందు నిలబడుతుంది, తర్వాత వొళ్ళు, అన్నిటికంటె చివర తల. ఇదే వాళ్ళు చెప్పే "రోల్". కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఒక్కటేనట. వూపిరికోసం ఆత్రపడి ముందు తల ఎత్తుతారు. తల బరువుకు పడవ మళ్ళీ బోర్లపడుతుంది. "తల చివర రావాలి మామా, అదే కష్టం" అన్నాడు. తల వెనకపెట్టడం ఏ పనిలోనయినా కష్టమేనని నాకు తోచింది గాని, ఉపన్యాసం చెప్పవలసినవాణ్ణి నేను గదా అని వూరుకున్నాను.

ఈ విద్య కనిపెట్టింది ఆటకోసం కాదు. గ్రీన్‌లాండులో మంచునీళ్ళమీద సీలు జంతువుల్ని వేటాడేవాళ్ళు పూర్వం తోలు తొడిగిన సన్నటి పడవల్లో పోయేవారు. ఆ నీళ్ళల్లో పడిన మనిషికి ఈత వచ్చినా వొకటే, రాకున్నా వొకటే. కాసేపటికి చలికే కొయ్యబారిపోతాడు. అందుకని పడవను వదలకుండా తిరిగి లేవడం తరతరాలుగా నేర్చుకున్నారు. 1927లో హాన్స్ పావ్లాటా అనే ఆస్ట్రియా దేశస్థుడు పుస్తకాలు చదివి, తనంతట తాను దాన్ని సాధించినాడు. అక్కడినుంచి అది ఐరోపాకు, తర్వాత లోకానికి పాకింది. వాళ్ళదీ తోలుపడవే, మనదీ తోలుపడవే. కాని మనది గుండ్రం. ఎన్ని తిరుగుళ్ళు తిరిగినా బల్లపరుపుగానే వుండాలని మన పెద్దల ఆలోచన. వాళ్ళది సన్నం. ఎట్లాగూ పడుతుంది కాబట్టి లేవడం నేర్చుకుందామని వాళ్ళ ఆలోచన.

"అంత నడుము విదిలించాలంటే పడవ వొంటికి అతికినట్టు వుండాలి మామా. కాళ్ళు జారిపోతే మనిషి వొకచోట, పడవ వొకచోట. అందుకే ఈ నవారు."

పుట్టివాడు అంతా విని, వల దులుపుకుంటూ ఒక్క మాట అన్నాడు. "అతుక్కోవడం సరే సార్. వూడేదెట్ల?"

నేను అడగవలసిన ప్రశ్న వాడు అడిగినాడు.

* * *

ఆ సాయంకాలం మేమందరం చౌడేశ్వరీదేవి గుడికి పోయినాము. ఉగాదికి కల్లూరులో ఇది చూడవలసిన వేడుక. గుడిచుట్టూ నేలను తడిపి మోకాలిలోతు బురద చేస్తారు. ఆ బురదలో గాడిదలూ, ఎడ్లబండ్లూ గుడికి ప్రదక్షిణం చేస్తాయి. కేకలు, ఈలలు, చెర్నాకోలల చప్పుళ్ళు, బురద చిమ్మి తెల్లచొక్కాలు నల్లబడటం! అమెరికా పిల్లవాడు నోరు తెరుచుకొని చూస్తున్నాడు.

ఒక బండి చక్రం బురదలో దిగబడింది. ఎడ్లు మోకాళ్ళమీద పడినాయి. బండివాడు దూకి, కాడి దగ్గరికి పోయి, ఎద్దు మెడకింది పలుపు కొస పట్టుకొని ఒక్క లాగు లాగినాడు. ముడి జరజర వూడిపోయింది. ఎద్దు మెడ విదిలించుకొని లేచి నిలబడింది. జనం కేకలు వేసినారు. నాకు మాత్రం కాళ్ళు వణికినాయి. పక్కకు చూస్తే మా చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడివుంది. అరవై ఏళ్ళ కిందటి సంగతి ఇద్దరికీ ఒక్కసారే గుర్తుకు వచ్చింది.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు, చెల్లెలికి అయిదు. మా తాతకు హంద్రి అవతల నాలుగెకరాల జొన్నచేను. ఒకనాడు సొప్ప బండిమీద మమ్మల్ని కూర్చోబెట్టుకొని ఇంటికి తోలుకొస్తున్నాడు. మా వూళ్ళో చినుకు లేదు. ఎగువన ఎక్కడ పడిందో, బండి ఏటి మధ్యకు వచ్చేసరికి ఎర్రటి నీరు కట్టెలు, కంపలు తోసుకుంటూ వచ్చేసింది. బండి పక్కకు వొరిగింది. తాత నొగలమీదనుంచి దూకి వలపటి ఎద్దు పలుపు కొస లాగినాడు. అది వూడింది. దాపటి ఎద్దుది లాగినాడు. వూడలేదు. మళ్ళీ లాగినాడు. ముడి నీళ్ళకు బిగిసింది. కొడవలి సొప్పతోపాటు కొట్టుకుపోయింది. తాత ఒక్క క్షణం ఆ ఎద్దు మొహంలోకి చూసినాడు. తర్వాత చెల్లెల్ని భుజంమీద వేసుకొని, నన్ను రెక్క పట్టుకొని, వలపటి ఎద్దు మోకు ఆసరాగా ఒడ్డు చేరినాడు. బండీ, కాడీ, దాపటి ఎద్దూ ఒక్కటిగా పోయినాయి. నీళ్ళమీద ఒక్క కొమ్ము కొంత దూరం కనబడింది. చెల్లెలికి నీళ్ళంటే భయం ఆ కొమ్ము దగ్గర మొదలయింది.

ఇంతవరకు మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. తెలియనిది ఒకటి వున్నది.

* * *

రాత్రి భోజనాలయిన తర్వాత మావాడు వసారాలో, తల్లి ముగ్గుపిండి తీసుకొని నేలమీద పడవ ఆకారం గీసినాడు. మధ్యలో ఒక ఎత్తు పీట వేసినాడు, అది ఫోము దిమ్మ అనుకోమన్నాడు. రింగులు ఎక్కడ అంటించాలో అక్కడ చుక్కలు పెట్టినాడు. మా చెల్లెలు గడపలో కూర్చుని, చూడనట్టు చూస్తున్నది.

వాడు కొత్త పడవ కొన్నాడు. దానికి కట్లన్నీ తనే అమర్చుకోవాలి. ఒకడికి అమర్చింది ఇంకొకడికి సరిపోదట, తొడల పొడవును బట్టి మారుతుంది. ముందు దిమ్మ మీద కూర్చుని, మోకాళ్ళు రెండూ విశాలంగా పడవ రెండు పక్కలకు ఆనేటట్టు పెట్టుకోవాలి. మోకాళ్ళ కింద మెత్తటి దిండ్లు అతికించాలి. నవారు ఒక కొస దిమ్మకు ముందు, మోకాళ్ళ నడుమ వుండే రింగుకు. అక్కడినుంచి తొడమీదుగా వెనక్కు పోయి, ఇంకో కొస తుంటి పక్కన పడవ అంచుకు దిగువనున్న రింగుకు. రెండు తొడలకూ ఇదే లెక్క. రింగులు అంటించే చోట పడవను శుభ్రంగా తుడిచి, గీకి, జిగురు పూసి, అది ఆరిన తర్వాత అతికించి, మరునాటి దాకా ముట్టుకోరాదు. తొందరపడి అంటించిన రింగు నదిలో సరిగ్గా కావలసిన వేళకు వూడివస్తుంది.

"నవారు తొడకు నడిమినుంచి పైభాగంలో పడాలి మామా. మోకాలి దగ్గరికి వస్తే పట్టు వుండదు. మరీ పైకి పోతే బయటికి జారడం కష్టం. మోకాలు ఎత్తితే పడవ లేవాలి. కాళ్ళు సడలిస్తే మనిషి జారిరావాలి. ఈ రెండూ ఒకే బిగువులో కుదరాలి."

"కుదరకపోతే?" అన్నది గడపలోనుంచి మా చెల్లెలు.

"అందుకే ఈ బకిలమ్మా." వాడు నవారు మధ్యనున్న బకిలు చూపించినాడు. దాని కొసను కిందికి వేలాడేటట్టు వదిలినాడు. ఏ చేత్తో అయినా అందేటట్టు, ఒక్క లాగుతో విడిపోయేటట్టు. ఆ కొసను దేనికీ ముడివేయకూడదు, లోపలికి దోపకూడదు. వేరే తాళ్ళేవీ పడవలో వదులుగా వుండకూడదు, కాళ్ళకు చుట్టుకుంటాయి. బూట్లు దిమ్మకింద ఇరుక్కోకుండా చోటు చూసుకోవాలి. ఇవన్నీ అయినా చొక్కా మీద ఒక కత్తి వుంటుంది. తలకు హెల్మెట్టు, వొంటికి తేలే కోటు సరేసరి.

"ఇంకో మాట. కొత్త కట్లు వేసుకొన్నవాడు మొదటి రోజు లేవడం నేర్చుకోడు. నిలకడ నీళ్ళల్లో, పక్కన స్నేహితుణ్ణి నిలబెట్టుకొని, తలకిందులై, కొస లాగి బయటికి రావడం నేర్చుకుంటాడు. పదిసార్లు బయటికి వచ్చినాకే లేవడం సంగతి."

నేను ఆ నవారు కొస చేతిలోకి తీసుకొని చూసినాను. వాడిచేత మాన్పిస్తానని ప్రమాణం చేసినవాణ్ణి. నా నోట మాత్రం వేరే మాట వచ్చింది.

"ఆ రోజు దాపటి ఎద్దు పలుపు కట్టింది నేను" అన్నాను.

వసారాలో చప్పుడు ఆగిపోయింది. చెప్పడం మొదలుపెట్టినాను కాబట్టి చెప్పేసినాను. నా ముళ్ళు ఎప్పుడూ జారిపోతాయని చేలో జీతగాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆ సాయంకాలం తాత సొప్ప ఎత్తుతూ, "దాపటిదానికి నువ్వు కట్టురా, గట్టిగా కట్టు" అన్నాడు. నాకు అంతకంటె పెద్ద వుద్యోగం లేదు. ముడిమీద ముడి, దానిమీద ఇంకో ముడి వేసినాను. తాత చూసుకోలేదు. ఒడ్డు చేరిన తర్వాత ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వారం తర్వాత పశువులకొట్టంలో కూర్చోబెట్టుకొని జారుముడి నేర్పినాడు. కొస మడిచి దోపడం, లాగితే రావడం. చీకట్లో చేయమన్నాడు, ఎడమచేత్తో చేయమన్నాడు. "ముడి ఎద్దును పట్టుకోవాల. మనిషి మాట వినాల" అన్నాడు. అంతే, ఎద్దు పేరెత్తలేదు. అరవై ఏళ్ళు నేనూ ఎవరితోనూ ఎత్తలేదు.

మా చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది, "తొమ్మిదేళ్ళ పిల్లోనివి. గట్టిగా కట్టమన్యారు, కట్టినావు. ఎట్ల విప్పాల్నో నీకెవరు చెప్పినారన్నా?"

అని లేచి వచ్చింది. ముగ్గు తొక్కకుండా పక్కగా నడిచి, కొడుకు ముందు నిలబడింది. "కూచోరా, కట్టుకో" అన్నది. వాడు పీటమీద మోకాళ్ళేసుకొని కూర్చుని, నవార్లు బిగించుకున్నాడు. రింగులకు బదులు రెండు పక్కలా నేనూ మా ఆవిడా కొసలు పట్టుకున్నాము. "కండ్లు మూసుకో. తల కిందికి వంచు. నీళ్ళల్లో వుండావనుకో" అన్నది. "వొకటి" అని లెక్కపెట్టింది. రెండు అనేలోపల నవారు వూడి నేలమీద పడింది. "మళ్ళీ" అన్నది. ఎడమచేత్తో అన్నది. కుడిచేయి వెనక్కు పెట్టుకోమన్నది. చివరికి తానే వంగి, కండ్లు మూసుకొని, తడుముకుంటూ, కొస కోసం వెతికింది. నల్లటి నవారు మీద నల్లటి కొస. రెండుసార్లు వేరేది పట్టుకుంది. మూడోసారి దొరికింది.

"ఇది చేతికి తెలియడం లేదురా. అన్నీ వొకటే తీరుగా వుంటే తొందరలో ఏది లాగుతావు?" అన్నది.

లోపలికి పోయి సూదీ దారం తెచ్చింది. ఎర్ర పట్టు రవికె గుడ్డ ఒక ముక్క చింపి, గట్టిగా వుండలాగా చుట్టి, నవారు కొసకు కుట్టడం మొదలుపెట్టింది. మావాడు చెప్పబోయినాడు, అట్లాంటి వుండలు దుకాణంలో దొరుకుతాయని. నేను కనుసైగతో వద్దన్నాను. అది రెండు కొసలకూ కుట్టి, పండ్లతో దారం తెంపి, ఒక్కొక్కదాన్ని పదిసార్లు లాగి చూసిగాని పెట్టెలో పెట్టనివ్వలేదు.

నా ప్రమాణం సంగతి దానికి గుర్తులేదో, గుర్తుండీ అడగలేదో!

నెల తిరగకముందే వాడు ఫోటో పంపినాడు. పచ్చటి పడవ, అందులో నల్లటి నవార్లు, వాటి కొసలకు రెండు ఎర్ర వుండలు. ఆ ఆదివారం ఫోనులో వాడు ఉత్సాహంగా, ఒకోయీలో మూడుసార్లు తిరగబడి మూడుసార్లూ లేచినానని చెప్పబోతున్నాడు. మా చెల్లెలు వాణ్ణి మధ్యలోనే ఆపింది.

"అదంతా సరే గాని, నీళ్ళల్లోకి దిగకముందు ఎన్నిసార్లు లాగి చూసినావు?" అన్నది.